డాబా మీద దండెం

నా మొదటి ప్రసారం ఎవరికీ వినపడకూడదని గట్టి ఏర్పాట్లే చేసుకున్నాను. యాంటెన్నా తగిలించాల్సిన చోట 60 క్యాండిల్ బల్బు తగిలించాను. హామ్ రేడియో వాళ్ళకి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్ నడుపుకునేవాళ్ళకి, ఇది పాత అలవాటు. ట్రాన్స్‌మిటర్ కట్టగానే గాల్లోకి వదలరు, ముందు దాని పవర్ని దేంట్లోనో కాల్చి చూస్తారు. డబ్బున్నవాళ్ళు డమ్మీ లోడ్ కొనుక్కుంటారు. మన స్తోమతకి బల్బే డమ్మీ లోడ్.

1989 నవంబరు, ఆదివారం పొద్దున. పద్మారావు నగర్‌లో డాబా మీది ఒంటిగది. మోర్స్ కీ నొక్కాను. బల్బు ఎర్రగా మొదలై నారింజ రంగుకి తిరిగింది. నా చేత్తో నేను కట్టినదాంట్లోంచి వచ్చిన వెలుగు! ఆ ముచ్చట తీరకముందే కింద ఇంటివారి హాల్లోంచి "అయ్యయ్యో" అని నాలుగైదు గొంతులు ఒక్కసారే లేచాయి.

ఆ రోజుల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో పౌరాణిక సీరియల్ వచ్చేది. వాడకట్టులో సగం మంది ఇంటివారి హాల్లోనే కూర్చునేవాళ్ళు. నా బల్బు వెలిగినప్పుడల్లా వాళ్ళ దేవుళ్ళ మీద అడ్డగీతలు పడుతున్నాయన్నమాట. నాకది తెలియదు. ఇంటివారి పెద్దబ్బాయి పరుగున డాబా ఎక్కి, నా గది గోడ పక్కనే ఉన్న టీవీ యాంటెన్నా పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

"వచ్చిందా?"

"రాలేదు!"

నేను కీ వదిలాను.

"ఆ, వచ్చింది, వచ్చింది! అట్లాగే పట్టుకో!"

మళ్ళీ నొక్కాను.

"పోయిందిరా! ఏం చేశావురా?"

మూడోసారికి నాకు విషయం వెలిగింది. తలుపు గడియ పెట్టి, కీ మీంచి చెయ్యి తీసి, సీరియల్ అయ్యేదాకా మంచం మీద కదలకుండా కూర్చున్నాను. ఆ అబ్బాయి కూడా అంతసేపూ యాంటెన్నా గొట్టం పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. ఆ పాపం నాదే. ఈ ముక్క అతనికి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, మా ఊళ్ళో రేడియో వల్లే. తెనాలి దగ్గర పల్లె మాది. నాన్నకి రాత్రి భోజనాలయ్యాక 41 మీటర్ల బ్యాండులో పాటలు వినడం అలవాటు. 1983లో, ఇంటర్ చదివే రోజుల్లో, ఓ రాత్రి నాన్న నిద్రపోయాక ముల్లుని మెల్లగా పక్కకి జరుపుతుంటే ఇద్దరు మనుషుల మాటలు వినపడ్డాయి. పాటల్లేవు, వార్తల్లేవు. ఒకాయన వానకి కూలిన తన పెరటిగోడ సంగతి మనవాళ్ళ యాస ఇంగ్లీషులో చెప్తున్నాడు. రెండో ఆయన ఎక్కడో వందల మైళ్ళ అవతల కూర్చుని, మేస్త్రీ ఎంత అడుగుతున్నాడని ఆరా తీస్తున్నాడు. రేడియోలో గోడ గురించి మాట్లాడుకోవచ్చా! అదే బ్యాండులో ఇంకొంచెం జరిపితే ముక్కుతో అరిచే బాతుల గుంపు. అవీ మనుషుల గొంతులేననీ, ఎస్ఎస్‌బీ అనే పద్ధతిలో మాట్లాడితే మామూలు రేడియోలో అలా బాతుల్లా వినపడతారనీ తెలియడానికి నాకు ఇంకో నాలుగేళ్ళు పట్టింది.

1986లో చిన్న ఉద్యోగం దొరికి హైదరాబాదు వచ్చాను. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో మొదలైంది ఈ ఊళ్ళోనే. హామ్‌లు అక్కడ చేరేవాళ్ళు. పరీక్ష రాయాలనీ, పాసైతే కేంద్ర ప్రభుత్వం లైసెన్సూ, గాల్లో మన పేరులా వాడుకునే కాల్‌సైనూ ఇస్తుందనీ వాళ్ళ వల్లే తెలిసింది. అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హామే, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. ఆ ఒక్క ముక్క నాకు తాయెత్తులా పనికొచ్చింది. ఇంటివారికి అనుమానం వచ్చినా, ఆఫీసులో ఎవరైనా "గూఢచారి పనా ఏంటి?" అని ఆటపట్టించినా అదే చెప్పేవాణ్ణి.

అప్పటి పరీక్షలో రూల్సూ థియరీ బట్టీ పట్టి గట్టెక్కొచ్చు. మోర్స్‌తోనే, అంటే చుక్కలూ గీతల సంకేతాలతోనే, చిక్కు. నిమిషానికి ఐదు మాటల చొప్పున ఐదు నిమిషాలు, మొత్తం 125 అక్షరాలు చెవితో విని రాసుకోవాలి. మా బాబాయి టెలిగ్రాఫ్ ఆఫీసులో పని చేసేవాడు. ఆయన దగ్గరికి వెళితే ముందు నవ్వాడు. టెలిగ్రాఫ్ వాళ్ళు విన్నది కూతని కాదు, సౌండర్ అనే పరికరం చేసే టక్కుల మధ్య ఎడాన్ని. నా బజర్ "పీప్ పీప్" ఆయనకి పిట్టగోలలా ఉంది. రెండు రోజులు తంటాలు పడి, మూడో రోజు ఓ మాట అన్నాడు.

"ఒరేయ్, నువ్వు పద్యాలకి గణవిభజన చేశావా లేదా?"

"చేశాను బాబాయ్. పదో తరగతిలో."

"మరింకేం? చుక్క లఘువు, గీత గురువు. యమాతారాజభానసలగం గుర్తుందా?"

ఉంది. య గణం ఒక లఘువు, రెండు గురువులు. మోర్స్‌లో అది డబ్ల్యూ. మ గణం ఓ. త గణం జీ. ర గణం కే. జ గణం ఆర్. భ గణం డీ. న గణం ఎస్. స గణం యూ. ఎనిమిది గణాలకి ఎనిమిది అక్షరాలు సరిగ్గా అతికిపోయాయి! ఉత్పలమాల పాదాన్ని కీ మీద కొడితే భరనభభరవ కాస్తా డీకేఎస్‌డీడీకేఏ అవుతుంది. ఎస్ఓఎస్ అంటే న గణం, మ గణం, న గణం. ఛందస్సు లెక్కలో గురువుకి రెండు మాత్రలైతే మోర్స్ గీతకి మూడు చుక్కల కాలం ఇవ్వాలి, తేడా అదొక్కటే. బాబాయి దగ్గర పద్యాలకి కొదవ లేదు. నెల రోజులు సాయంత్రం పూట పోతన పద్యం ఆయన గొంతులో, నా వేలి కింద కీ. అట్లా వచ్చింది నాకు మోర్స్. ఇప్పటికీ ఎవరైనా మొదలుపెడతానంటే ఇదే చెప్తాను, ఈ కాలం పిల్లలు ముందు గణాలు నేర్పమంటున్నారనుకోండి.

పరీక్ష పాసయ్యాక లైసెన్సు కాగితం రావడానికి ఏడాది దాటింది. మధ్యలో వెరిఫికేషన్‌కి ఓ కానిస్టేబుల్ గారు వచ్చారు. బల్ల మీద విప్పి పడేసిన రేడియో చూసి,

"గిదేంది? దీంతోని ఎవరితోని మాట్లాడ్తవ్?"

"ఎవరు పలికితే వాళ్ళతోనే సార్."

"పేరు తెల్వకుంటనే?"

"పేరు తర్వాత అడుగుతాం సార్."

ఆయన కాసేపు నా మొహం చూసి, టీ తాగి, ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. హామ్ రేడియో అంటే ఏంటని ఎవరైనా అడిగితే ఇన్నేళ్ళలో అంతకన్నా మంచి జవాబు నాకు తట్టలేదు.

సామాను సంగతి ఇప్పుడు చెప్పాలి. జపాన్ సెట్లు ఉన్నవాళ్ళు ఉండేవాళ్ళు. యాయెసు కంపెనీ ఎఫ్‌టీ 101 ఒకరింట్లో ఉందంటే మిగతావాళ్ళం వంతులవారీగా దర్శనానికి వెళ్ళేవాళ్ళం. నా జీతంతో అలాంటిది కొనాలంటే ఏళ్ళు ఎదురుచూడాలి. కనక కట్టుకోవడమే. దానికి అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ వాళ్ళ హ్యాండ్‌బుక్ పాత ప్రతి ఒకటి చేతులు మారుతూ తిరిగేది. హ్యాండ్‌బుక్‌లో రాసిన వస్తువు కోఠీలో ఉండేది కాదు. కోఠీలో ఉన్న వస్తువు హ్యాండ్‌బుక్‌లో ఉండేది కాదు. ఆ రెంటికీ పొత్తు కుదర్చడమే మా ఇంజనీరింగు.

కోఠీలో గుజరాతీ గల్లీ. అక్కడ వేరియబుల్ కెపాసిటర్ అంటే ఎవరికీ తెలియదు, "టూజే గ్యాంగ్" అంటే వెంటనే తీసిచ్చేవాళ్ళు. ఐఎఫ్‌టీలు, అంటే రేడియో లోపల ఉండే బుల్లి కాయిల్ డబ్బీలు, రంగు చెప్పి అడగాలి. బీఎఫ్ 194, ఎస్ఎల్ 100, ఎస్‌కే 100 ట్రాన్సిస్టర్లు బఠాణీల్లా పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు. బాతుల భాషని మనుషుల భాషలోకి మార్చే బీఎఫ్ఓ కట్టింది ఒక బీఎఫ్ 194తోనే. మా ఊరి రేడియోని నాన్న దగ్గర అడిగి తెచ్చుకుని దాని పక్కన ఈ బుల్లి డబ్బా పెట్టాను. 455 కిలోహెర్ట్జ్ దగ్గర ఐఎఫ్‌టీ మరని అగ్గిపుల్లతో తిప్పుతుంటే, బాతు అరుపు మెల్లగా సన్నబడి, లావై, ఒక్కచోట "గుడ్ ఈవెనింగ్, ఓల్డ్ మ్యాన్" అయింది. ఇనప స్క్రూడ్రైవర్ పెడితే దానివల్లే ట్యూనింగ్ జరిగిపోతుంది, అందుకని అగ్గిపుల్ల.

గురువారం సెలవు దొరికితే జుమ్మేరాత్ బజార్. పాత ట్రాన్స్‌ఫార్మర్లు అక్కడ తూకానికి. తక్కెడలో ఒకవైపు రాళ్ళు, ఇంకోవైపు నా హైటెన్షన్ సప్లై. అది బాగుందా, లోపల కాలిపోయిందా అని అడిగితే కొట్టువాడు "వాసన చూస్కో" అనేవాడు. నిజమే, కాలిన వైండింగు వాసన దాచినా దాగదు. కాయిల్‌కి రాగి తీగ మోటారు వైండింగ్ షాపులో గేజ్ చెప్పి గ్రాముల్లెక్కన కొన్నాను. కాయిల్ చుట్టడానికి పీవీసీ పైపు ముక్క పక్కింట్లో ప్లంబర్ పారేసిందే.

ట్రాన్స్‌మిటర్ ఏ ఫ్రీక్వెన్సీ మీద పలకాలో తేల్చే క్రిస్టల్ దగ్గర ఆగిపోయాను. 7 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండులో పనికొచ్చే క్రిస్టల్ బజారంతా తిరిగినా దొరకలేదు. దొరికింది ఎఫ్‌టీ 243 అనే పాత మిలిటరీ డిస్పోజల్ రకం, నల్లటి బేకలైట్ డబ్బీ, దాని మీద 6975 అని ముద్ర. హామ్ బ్యాండు 7000 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. నాకు కావాల్సింది 7025 చుట్టుపక్కల. తిరుమలగిరిలో ఉండే మాస్టారు ఒకాయన దారి చెప్పారు. ఆయన సైన్యంలో సిగ్నల్స్‌లో చేసి రిటైరైన పెద్దమనిషి. నా దగ్గరున్న సామానులో సగం ఆయన ధర్మమే.

"అరగదీయవయ్యా. పల్చబడితే ఫ్రీక్వెన్సీ పైకెక్కుతుంది."

"ఎంత అరగదీయాలి మాస్టారూ?"

"ఎంతని చెప్తే నువ్వు అంతకన్నా ఎక్కువే అరగదీస్తావు. పది రుద్దులు రుద్దు, కడుగు, చూసుకో."

తర్వాత లెక్క వేశాను. ఆ స్ఫటికపు పలక మందం దాదాపు పావు మిల్లీమీటరు. 6975ని 7025 చెయ్యాలంటే అందులోంచి రెండు మైక్రాన్లు కూడా పోకూడదు, అంటే తలవెంట్రుక మందంలో నలభయ్యో వంతు. కళ్ళజోళ్ళ షాపాయన్ని బతిమాలి అద్దాలు అరగదీసే పొడి కాగితంలో చిటికెడు తెచ్చుకున్నాను. అద్దం ముక్క మీద పొడి, నాలుగు నీటిచుక్కలు, దాని మీద పలక. ఒక్క వేలు, అదీ బరువు మోపకుండా. ఎనిమిది ఆకారంలో పది చుట్లు. సబ్బుతో కడగడం, ఆరబెట్టడం, అంచులు మాత్రమే పట్టుకుని డబ్బీలో పెట్టడం, రిసీవర్‌లో ఎక్కడ కూస్తోందో వెతకడం. ఆ రాత్రి అలా పదిహేనుసార్లు చేసుంటాను. మొదటి పలక పెళుక్కుమంది. రెండోది 7021 దగ్గర నిలిచింది. 7025 చేద్దామని చెయ్యి లాగింది గానీ, మాస్టారి మాట గుర్తొచ్చి మూత పెట్టేశాను.

పవర్ ఇచ్చే 807 వాల్వు కూడా మాస్టారు ఇచ్చిందే. నెత్తిమీద లోహపు టోపీ ఉంటుంది, దానికి ఆరేడొందల వోల్టులు వెళతాయి. వాల్వు చేతిలో పెట్టేముందు ఆయన ఒకే షరతు పెట్టారు: "హైటెన్షన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఎడమ చెయ్యి జేబులో ఉండాలి." రెండు చేతులూ సర్క్యూట్‌లో పెడితే కరెంటు గుండె మీదుగా దారి చేసుకుంటుంది. ఆయన తనూ అలాగే చేసేవారు, ఇంట్లో లుంగీలో ఉంటే చేతిని వెనక్కి పెట్టుకుని.

యాంటెన్నా మాత్రం చవకలో అయింది. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ అనే తీగ యాంటెన్నాకి అటు 33, ఇటు 33, మొత్తం 66 అడుగుల రాగి తీగ. చివర్లలో గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లు, మధ్యలోంచి టీవీ వాళ్ళ 75 ఓమ్స్ కేబులు. డాబా మీద ఓ మూల జీఐ పైపు పాతి, అక్కణ్ణుంచి పక్కవారి కొబ్బరిచెట్టుకి కట్టాను. పైపు పొట్టిది, తీగ మధ్యలో జారి మనిషి చేతికందే ఎత్తులో ఉంది. ఎత్తు చాలదని నాకు బెంగ. పిన్నిగారికి, అంటే ఇంటావిడకి, మాత్రం ఆ ఎత్తు భేషుగ్గా ఉంది.

ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ట్రాన్స్‌మిటర్ వేస్తే మీటరు ముల్లు ఎప్పుడూ పడే చోట పడలేదు. కండెన్సర్ ఎంత తిప్పినా లోడ్ తీసుకోవట్లేదు. సోల్డరింగులన్నీ మళ్ళీ చేశాను, వాల్వు మార్చాను, గంటన్నర పోయింది. చివరికి గాలి కోసం బయటికి వస్తే నా డైపోల్ నిండా తడి చీరలు! మూడు చీరలు, రెండు దుప్పట్లు, ఒక పంచె, క్లిప్పులతో సహా.

"పిన్నిగారూ, అది దండెం కాదండీ, యాంటెన్నా."

"తెలుసు బాబూ, నువ్వు చెప్పావుగా. కానీ మా దండెం కన్నా ఇదే గట్టిగా ఉంది."

దానికి నేనేం చెప్పను? ఒప్పందానికి వచ్చాం. సాయంత్రం ఆరు దాకా ఆవిడది, ఆరు తర్వాత నాది. ఆదివారం పొద్దున సీరియల్ టైములో నేను కీ ముట్టను. ఆ రెండో షరతు ఆవిడ అడిగింది కాదు, నాకు నేనే పెట్టుకున్నాను. తర్వాత మాస్టారు లో పాస్ ఫిల్టర్ కట్టించి టీవీ గొడవ తీర్చారు గానీ, ఆదివారాల మౌనం మాత్రం అలవాటుగా ఉండిపోయింది.

మొదటి క్యూఎస్ఓ, అంటే గాల్లో ఇంకో హామ్‌తో సంభాషణ, డిసెంబరులో, రాత్రి తొమ్మిదిన్నరకి. ఎవరైనా పలకండని సీక్యూ సీక్యూ కొట్టి ఆగాను. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాను. గరగర మధ్యలోంచి సన్నగా ఒక కూత, అందులో నా కాల్‌సైన్. ఇంకొకరి చేతిలో నా పేరు అలా వినడం... వేళ్ళు వణికి తిరుగు జవాబు రెండుసార్లు తప్పు కొట్టాను. అవతల 4ఎస్7, అంటే శ్రీలంక. క్యాండీలో ఉంటాడట. నా సిగ్నల్ ఎలా వినపడుతోందో "579సీ" అని రిపోర్టు ఇచ్చాడు. 579 అర్థమైంది. ఆ చివరి "సీ" ఏంటో తెలియక, మెచ్చుకోలు కాబోలు అనుకుని మర్నాడు మాస్టారికి గర్వంగా చెప్పాను.

ఆయన అరనిమిషం నవ్వాపుకోలేకపోయారు. "సీ అంటే చర్ప్ అయ్యా. నీ సిగ్నల్ పిచ్చుకలా కూస్తోందని అర్థం. కీ నొక్కినప్పుడల్లా నీ ఆసిలేటర్ వోల్టేజి కుంగుతోంది." ఆసిలేటర్‌కి విడిగా రెగ్యులేటెడ్ సప్లై పెట్టాక పిచ్చుక పోయింది. మాట్లాడుకున్నందుకు గుర్తుగా క్యాండీ ఆయన పంపిన క్యూఎస్ఎల్ కార్డు, హామ్‌ల కార్డులు చేరవేసే బ్యూరో మీదుగా తిరిగి తిరిగి రెండేళ్ళకి చేరింది. దాని మీద కూడా ఆ సీ ఉంది.

తర్వాతి ఏళ్ళు పెళ్ళి, పిల్లలు, బదిలీలతో గడిచిపోయాయి. సెట్టు అటక ఎక్కింది, దిగింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారు, వీయూ2ఆర్‌బీఐ, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతున్నారు. ఫోన్లు పడిపోయిన ఆ రోజుల్లో ఆ స్టేషనే ఎన్నో కబుర్లు మోసింది. హామ్ రేడియో ఎందుకయ్యా అంటే మావాళ్ళంతా ముందు ఆ కథే ఎత్తుకుంటారు. గొప్ప కథే, కాదనను. కానీ విపత్తుని చూపించి మా సరదాకి సంజాయిషీ ఇచ్చుకోవడం నాకెందుకో నచ్చదు. పెరటిగోడ గురించి మాట్లాడుకునే హక్కు కోసమే నేను పరీక్ష రాశాను.

నన్ను మళ్ళీ బల్ల ముందు కూర్చోబెట్టింది మన ఊరి బిట్‌ఎక్స్. హైదరాబాదులోనే ఉండే అశర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, 14 మెగాహెర్ట్జ్ మీద 6 వాట్ల ఎస్ఎస్‌బీ ట్రాన్స్‌సీవర్ ఒకటి డిజైన్ చేసి అందరికీ ఊరికే ఇచ్చేశాడు. హ్యాండ్‌బుక్‌కీ కోఠీకీ ఇన్నేళ్ళు కుదరని పొత్తు ఆ కాగితంలో కుదిరింది. అందులో రాసినవన్నీ గల్లీలో దొరికేవే: మామూలు ట్రాన్సిస్టర్లు, టీవీ బాలన్ కోర్లు, 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్ళు, చివర్లో ఐఆర్ఎఫ్ 510 అనే పవర్ ట్రాన్సిస్టర్. టొరాయిడ్ అనే ఉంగరం లాంటి కోర్ దొరక్కపోతే కాయిల్‌ని కుళాయి వాషర్ మీద చుట్టుకోమన్నాడు! శానిటరీ షాపుకి వెళ్ళి డజను నైలాన్ వాషర్లు అడిగి, ఒక్కోటీ వెలుతురులో పెట్టి చూస్తుంటే షాపాయన, "ఎన్ని కుళాయిలు కారుతున్నాయి సార్ ఇంట్లో?" అన్నాడు. ఏవీ కారట్లేదంటే నమ్మలేదు.

2005 మే 5న శ్రీహరికోట నుంచి హామ్‌శాట్ వెళ్ళింది, హామ్‌ల కోసం ఇస్రో చేసిన ఉపగ్రహం. స్టీలు టేపు కత్తిరించి పీవీసీ పైపుకి బిగిస్తే 145 మెగాహెర్ట్జ్ యాగీ యాంటెన్నా తయారవుతుంది. ఇంట్లో పని చేస్తున్న వడ్రంగి టేపు మీద నా కన్ను పడింది. కొత్తది కొనిస్తానని ఆయన్ని ఒప్పించాను. మా అమ్మాయి దాన్ని చేత్తో పట్టుకుని ఆకాశం వైపు తిప్పుతుంటే, పది నిమిషాల పాటు 145.936 దగ్గర ఉపగ్రహం గుర్తు కూత, బీకన్, వినిపించింది. దగ్గరికొచ్చి దూరంగా పోయే రైలు కూతలా, స్వరం కొంచెం కొంచెం దిగుతూ. "వచ్చిందా?" అని అమ్మాయి అడుగుతుంటే, "ఆ, అట్లాగే పట్టుకో" అన్నాను. అన్నాక నాకు నవ్వొచ్చింది. హామ్‌శాట్ 2014 దాకా బతికింది.

బాబాయి 2013లో టెలిగ్రాం సర్వీసు ఆగిపోయే రోజున క్యూలో నిలబడి నాకో టెలిగ్రాం ఇచ్చాడు. అప్పటికి మోర్స్ ఎక్కడుంది, అంతా కంప్యూటరే. అందులో ఆరు అక్షరాలే ఉన్నాయి: భరనభభర. ఆఖరి వ గణం ఏమైందని ఫోన్ చేసి అడిగితే, "అది నువ్వు కొట్టాలిరా" అన్నాడు.

ఇప్పుడుంటున్నది అపార్ట్‌మెంట్. టెర్రస్ మీద యాంటెన్నాలు పెట్టకూడదని అసోసియేషన్ తీర్మానం చేసింది. బట్టలారేసుకోవడానికి తీగలు కట్టుకోవచ్చని అదే కాగితంలో ఉంది. వాటర్ ట్యాంకు నుంచి లిఫ్టు గది దాకా 66 అడుగుల తీగ లాగించాను, ప్లాస్టిక్ తొడుగున్నది, మనిషి ఎత్తున. మధ్యలోంచి కేబుల్ పిట్టగోడ పక్కగా మా బాల్కనీలోకి దిగుతుంది. నాలుగు క్లిప్పులు కూడా తగిలించి ఉంచాను. వాచ్‌మన్ భార్యకి ఆ దండెం బాగా నచ్చింది. సాయంత్రం ఆరింటికి ఆమె బట్టలు తీసుకుని కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు సెట్టు వేస్తాను.